కాంపాక్ట్ 9 ఎం.ఎం. పిస్టల్, నాలుగు మ్యాగజైన్లు: ఒక కేస్ స్టడీ

ఒక తెలుగు దంపతులు ఇద్దరూ కలిసి వాడుకునే చిన్న 9 ఎం.ఎం. పిస్టల్ ఇది. భర్త చేతిలో బాగానే పేలుతుంది, భార్య చేతిలో మాటిమాటికీ ఆగిపోతుంది. కొన్న చోట కౌంటర్ దగ్గరున్నాయన "మేడమ్ పట్టు సరిపోవడం లేదు" అని తేల్చేశాడట. భర్తకూ అదే నమ్మకం. నా దగ్గరికి రిపేరుకని రాలేదు. దీన్ని అమ్మేసి ఇంకోటి కొనమంటారా అని అడగడానికి వచ్చారు.

టెక్సస్‌లో, డాలస్ శివార్లలో ఉన్న ఒక ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో నేను ఆర్మరర్‌ని. జామ్ అవుతున్నాయని తెచ్చిన పిస్టళ్లు విప్పి చూడడం, స్ప్రింగులు మార్చడం, కారణం వెతకడం నా పని. భాష కలుస్తుంది కాబట్టి ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది నా దగ్గరికే వస్తారు. వచ్చిన కొత్తవాళ్లను నేను ముందు అడిగేది వీసా సంగతి. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండడం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకిచ్చే పిస్టల్ చేత్తో పట్టుకున్నా అదే లెక్క. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చని విని, అది అందరికీ వర్తిస్తుందనుకునేవాళ్లు మనవాళ్లలో తక్కువేం లేరు. ఈ దంపతులకు ఆ ఇబ్బంది లేదు, ఇద్దరూ సిటిజన్లే.

పిస్టల్ ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. ఈ కేసులో తేలిన విషయానికి కంపెనీ పేరుతో పెద్దగా పని లేదు.

ఈ సైజు పిస్టల్‌కి మ్యాగజైన్ ఎందుకంత ముఖ్యం

బట్టల కింద దాచుకుని తిరిగే 9 ఎం.ఎం. పిస్టల్ అంటే ఒకప్పుడు సన్నగా, తూటాలన్నీ ఒకే వరసలో ఉండేది. 2012లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్‌లో 7 లేదా 8 రౌండ్లు (తూటాలు), 2015లో వచ్చిన గ్లాక్ 43లో 6 రౌండ్లు పట్టేవి. 2018లో సిగ్ సావర్ పి365 వచ్చి దాదాపు అంతే సైజులో 10 రౌండ్లు పట్టించింది. ఆ మరుసటి ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ 11తో వచ్చింది. ఇప్పుడు అందరూ కొనేది ఈ తరహావే.

ఆ అదనపు తూటాలకు చోటు మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) లోపలే దొరికింది. కింద రెండు వరసలుగా ఉన్న తూటాలు పైకి వచ్చేసరికి ఒకే వరసలో కలవాలి. పెద్ద పిస్టల్‌లో ఆ కలయికకు కావలసినంత పొడవు ఉంటుంది, ఇక్కడ కొద్దిపాటి దూరంలోనే జరిగిపోవాలి. దాంతో రాపిడి పెరుగుతుంది. దాన్ని దాటించాలంటే స్ప్రింగ్ గట్టిగా ఉండాలి. మరోపక్క పిస్టల్ బరువు అర కిలో చుట్టుపక్కలే కాబట్టి స్లైడ్ (పేలినప్పుడల్లా వెనక్కి వెళ్లి తిరిగొచ్చే పై భాగం) తేలిక, అది వెనక్కి వెళ్లే దూరం తక్కువ, వచ్చి వెళ్లే వేగం ఎక్కువ. స్లైడ్ వెనక్కి పోయి తిరిగొచ్చే ఆ క్షణంలోనే మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాల దొంతర మొత్తాన్ని పైకి నెట్టి, పై తూటాని సరైన ఎత్తులో, సరైన వాలులో నిలబెట్టాలి. ఆలస్యమైతే స్లైడ్ ఆ తూటా మీదుగా వెళ్లిపోతుంది, లేదా దాని నడుముకి తగిలి ముక్కు కిందికి దిగేలా చేస్తుంది.

పూర్తి సైజు పిస్టళ్లకూ ఈ బెడద తప్పదు. ఇరాక్ యుద్ధం మొదట్లో అమెరికన్ సైనికుల బెరెట్టా ఎం9 పిస్టళ్ల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు, చాలావాటికి మూలం మ్యాగజైన్లలోనే దొరికింది. ఫ్యాక్టరీవి కాకుండా వేరే కాంట్రాక్టర్ సరఫరా చేసిన వాటికి గరుకైన ఫాస్ఫేట్ పూత ఉండేది. సన్నటి ఎడారి ఇసుక లోపల పట్టుకుని తూటాలు పైకి రాకుండా ఆపేది. చెడ్డపేరు మాత్రం పిస్టల్ మోసింది.

వాళ్లు తెచ్చినవి

ఫోన్‌లోనే చెప్పాను, పిస్టల్ ఒక్కటే తేవద్దని. ఇంట్లో ఉన్న మ్యాగజైన్లన్నీ, వాడే తూటాల డబ్బాలు, హోల్‌స్టర్ కూడా తెమ్మన్నాను. మ్యాగజైన్లు నాలుగు తెచ్చారు. పెయింట్ పెన్‌తో అడుగున నంబర్లు వేశాను.

ఒకటోది కంపెనీ ఇచ్చిన 10 రౌండ్లది, ముట్టుకోకుండా ఉన్నది. రెండోదీ అదే మోడల్, కానీ అడుగు ప్లేట్ తీసేసి రెండు రౌండ్లు ఎక్కువ పట్టే అల్యూమినియం బేస్‌ప్లేట్ బిగించారు. మూడోది కంపెనీదే, 12 రౌండ్లది. నాలుగోది వేరే తయారీదారుడి 12 రౌండ్లది, సేల్‌లో కొన్నది.

నంబర్లు వేస్తుంటే భర్త నవ్వాడు. "అన్నా, నేను 500 రౌండ్లు కొట్టాను దీంతో. ఒక్కటి కూడా ఆగలేదు. లాస్ట్ రౌండ్ తర్వాత స్లైడ్ అప్పుడప్పుడు లాక్ అవదు, అంతే."

"ఏ మ్యాగజైన్‌తో కొట్టారు?"

"అన్నిట్లోంచీ కొట్టి ఉంటాను."

ఆవిడ అప్పుడు అందుకుంది. "లేదండీ, ఆయన ఎప్పుడూ ఆ పొడుగుదే తీసుకుంటారు. చేతికి బాగుంటుందని. నాకు లోడ్ చేసి ఇచ్చేది ఈ సిల్వర్ అడుగుదే."

ఆవిడ చూపించింది రెండో నంబర్. కేసు సగం అక్కడే తేలిపోయింది. కానీ అనుమానం సరిపోదు కదా, చూపించాలి.

ఈ 500 రౌండ్ల లెక్క గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఓనర్లందరూ ఇదే మాట అంటారు. మ్యాగజైన్ చేసే తప్పులు అన్ని తూటాల దగ్గరా సమానంగా జరగవు. నిండుగా ఉన్నప్పుడు మొదటి తూటా దగ్గర, ఖాళీ అయ్యేముందు చివరి ఒకటి రెండు దగ్గర ఎక్కువ జరుగుతాయి. 12 రౌండ్ల మ్యాగజైన్‌తో 500 కొడితే చివరి తూటా వచ్చేది నలభై సార్లకు కాస్త పైన. అంటే ఆ స్థానాన్ని పరీక్షించింది నలభై సార్లే. గణాంకాల్లో ఒక మోటు సూత్రం ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్క తప్పూ రాకపోతే, 3ని ఆ ప్రయత్నాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ తప్పు రేటు. 200 రౌండ్లు శుభ్రంగా పోయాయంటే నిజమైన తప్పు రేటు ఒకటిన్నర శాతం వరకు ఉండే వీలుంది. ఆ 200 నాలుగు మ్యాగజైన్లకు పంచితే ఒక్కోదానికి 50, అప్పుడు ఆ హద్దు 6 శాతం. ఇక చివరి తూటా లెక్క తీస్తే 10 రౌండ్లది ఒక్కోటీ 5 సార్లే పరీక్షకు వచ్చినట్టు. దాన్నుంచి ఏమీ చెప్పలేం. భర్త సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే పనిచేస్తాడు, నేను ఇది కాగితం మీద రాయగానే మారు మాట్లాడలేదు.

రేంజ్‌లో చూసింది

నా పద్ధతి సాదాసీదాగానే ఉంటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పిస్టల్ అదే, తూటా అదే, మనిషి అదే, మ్యాగజైన్ మారుతుంది. తర్వాత మ్యాగజైన్ అదే, మనిషి మారతాడు. ఆగిన ప్రతిసారీ ఏ నంబర్ మ్యాగజైన్, అందులో ఎన్నో తూటా, ఎలా ఆగింది, ఎవరి చేతిలో, ఈ నాలుగూ కార్డు మీద రాయాలి. ఆగగానే చకచకా స్లైడ్ లాగేసి మళ్లీ కొట్టేస్తే ఆధారం నేలపాలు. వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ముందు చూడాలి.

ఆవిడకు ముందు ఒకటో నంబర్ ఇచ్చాను. ఆగలేదు. నింపి ఇచ్చాను, మళ్లీ మళ్లీ. ఆగలేదు. మూడో నంబర్ ఇచ్చాను, అదీ అంతే. తర్వాత రెండో నంబర్. చివరి రెండు తూటాల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తూటా ముక్కు కిందికి దిగి ఫీడ్ ర్యాంప్ (తూటాని గొట్టంలోకి ఎక్కించే వాలు) కింద గుచ్చుకుని ఉంది, స్లైడ్ దాని మీద ఒత్తుకుని సగంలో నిలబడింది. అదే మ్యాగజైన్ భర్త తీసుకున్నాడు. కాసేపు బాగానే పోయింది, మూడో లోడో నాలుగో లోడో, అదే చోట ఆగింది. నేను తీసుకున్నా అంతే.

ఆయన పిస్టల్‌ని కౌంటర్ మీద పెట్టి భార్య వైపు చూశాడు. ఆవిడ మాత్రం చూపు కార్డు మీదే పెట్టింది.

పట్టు వదులైతే పిస్టల్ ఆగదని నేననను. స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవాలంటే ఫ్రేమ్ కదలకుండా ఉండాలి. మణికట్టు మెత్తబడి ఫ్రేమ్ కూడా వెనక్కి పోతే స్లైడ్ ప్రయాణం తగ్గుతుంది. తేలిక పిస్టళ్లలో ఇది ఇంకా ఎక్కువ. కానీ పట్టు వదులుతనం మ్యాగజైన్ నంబర్ చూసి రాదు. ఎప్పుడూ ఒకే మ్యాగజైన్‌లో, ఎప్పుడూ చివరి రెండు తూటాల దగ్గరే ఆగుతుంటే మణికట్టుని నిందించడం కుదరదు. ఆడవాళ్లు పిస్టల్ పట్టుకొస్తే కౌంటర్ వెనకున్నవాళ్లు ఈ "పట్టు" మాట ఎంత త్వరగా అంటారో ఏళ్లుగా చూస్తున్నాను. మగవాడు అదే ఫిర్యాదుతో వస్తే ముందు పిస్టల్ విప్పి చూస్తారు.

రెండో నంబర్ విప్పాను. ఊహించిందే. బేస్‌ప్లేట్ మార్చినప్పుడు మ్యాగజైన్ లోపలి పొడవు పెరిగింది, స్ప్రింగ్ మాత్రం పాత 10 రౌండ్లదే. నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బాగా అణిగి ఉంటుంది కాబట్టి నెట్టే బలం ఉంటుంది. తూటాలు తగ్గేకొద్దీ స్ప్రింగ్ సాగిపోతుంది, చివరికొచ్చేసరికి దానిలో పస ఉండదు. బేస్‌ప్లేట్‌తో పాటు పొడవైన స్ప్రింగ్ ఇవ్వలేదా అని అడిగితే ఇచ్చారన్నాడు. అది వేస్తే చివరి రెండు రౌండ్లు ఎక్కించడం మరీ కష్టంగా ఉందని పాతదే వేశాడట. ఆ కొత్త స్ప్రింగ్ గరాజ్‌లో ప్యాకెట్‌లోనే ఉంది.

ఇలాంటి కేసుల్లో నేను ముందు చూసేది ఎన్నో తూటా దగ్గర ఆగిందన్నది. నింపగానే మొదటి తూటాకే స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతే, స్ప్రింగ్ మరీ అణిగిపోయి పై తూటాని ఫీడ్ లిప్స్‌కి (మ్యాగజైన్ నోటి దగ్గర తూటాని పట్టి ఉంచే అంచులు) గట్టిగా ఒత్తుతోందేమో చూస్తాను. అలాంటి కొత్త మ్యాగజైన్ కొన్నిసార్లు నింపి ఖాళీ చేస్తే దారికొస్తుంది, రాకపోతే ఒక రౌండ్ తక్కువ నింపుకోవడమే. మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆగితే లోపల మురికో, ఫాలోయర్ (స్ప్రింగ్ మీద కూర్చుని తూటాలను నెట్టే పలక) వంగడమో. చివర్లో ఆగితే స్ప్రింగ్.

స్ప్రింగుల గురించి ఒక నమ్మకం ఉంది, నింపి ఉంచితే పాడైపోతాయని. మంచి స్ప్రింగ్, దాని హద్దులోనే అణిగి ఉంటే, అలా ఉన్నందుకు పెద్దగా అలిసిపోదు. ఎన్నిసార్లు సాగి అణిగిందన్నదే దాన్ని అరగదీస్తుంది. ఈ చిన్న మ్యాగజైన్లలో మాత్రం స్ప్రింగ్‌ని హద్దు అంచుదాకా అణుస్తారు కాబట్టి, రోజూ వెంట ఉండేవాటికి కొన్నేళ్లకోసారి స్ప్రింగ్ మార్చేస్తే ఖర్చు కొద్ది డాలర్లే.

స్లైడ్ లాక్ కాకపోవడం

భర్త తేలిగ్గా చెప్పిన ఆ రెండో లక్షణానికి కారణం వేరే. చివరి తూటా పేలాక మ్యాగజైన్ ఫాలోయర్ స్లైడ్ స్టాప్‌ని పైకి నెడితే స్లైడ్ వెనక్కి ఆగాలి. ఆవిడ చేతిలో ఒకటి, మూడు నంబర్లతో ప్రతిసారీ ఆగింది. ఆయన చేతిలో అదే మూడో నంబర్‌తో స్లైడ్ అలా వెనక్కి ఆగడం లేదు. ఆయన బొటనవేళ్లు చూస్తే కారణం కనిపించింది. పెద్ద చేతులు, రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి పట్టుకుంటాడు, కుడి బొటనవేలు సరిగ్గా స్లైడ్ స్టాప్ మీద ఆనుకుంటోంది. ఇంత చిన్న ఫ్రేమ్ మీద ఆ వేలికి వేరే చోటే లేదు. దాన్ని ఎడమ చేతి బొటనవేలి మీదికి కొంచెం ఎత్తి పెట్టమంటే లాక్ అవడం మొదలైంది. ఆయనకు అది అలవాటు కావడానికి మాత్రం టైం పట్టింది.

అంటే పట్టులో లోపం ఉన్నది ఆయనకే. ఆవిడ ఈ మాట పైకి అనలేదు, నవ్వింది.

నాలుగో నంబర్

వాళ్లు ఫిర్యాదు చేయని విషయం ఇది. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిందీ ఇదే. స్లైడ్ మూసి ఉన్నప్పుడు నిండు మ్యాగజైన్ ఎక్కిస్తే, పై తూటా స్లైడ్ అడుగుకి తగిలి ఇంకాస్త కిందికి అణగాలి. అప్పుడే మ్యాగజైన్ క్యాచ్ (దాన్ని పట్టి ఉంచే కొక్కెం) గాడిలో పడుతుంది. నాలుగో నంబర్‌లో 12 నింపాక అణగడానికి చోటు లేదు. పేలని డమ్మీ రౌండ్లతో బల్ల మీద చూశాం. అరచేత్తో కొట్టినా క్లిక్ రాలేదు, కానీ రాపిడికి అక్కడే నిలబడింది. చూడ్డానికి ఎక్కినట్టే ఉంది, లాగితే ఊడి వస్తోంది. రోడ్డు మీద అవసరం పడితే చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గది) ఉన్న ఒక్కటి పేలాక మ్యాగజైన్ కాస్త జారుతుంది, స్లైడ్ ఖాళీ చాంబర్ మీద మూసుకుంటుంది. క్యాచ్ పట్టే గాడిని పక్కపక్కన పెట్టి చూస్తే, కంపెనీ మ్యాగజైన్‌తో పోలిస్తే తేడా కంటికే తెలుస్తోంది. దాని అడుగున ఎర్ర గీత గీసి, డమ్మీ రౌండ్లతో ప్రాక్టీసుకి తప్ప వాడొద్దని చెప్పాను.

బయటి కంపెనీల మ్యాగజైన్లన్నీ పనికిరావని దీనర్థం కాదు, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కొన్న రోజే నిండుగా నింపి, స్లైడ్ మూసి ఎక్కించి, లాగి చూడండి. నిమిషం పని.

ఎప్పుడూ పైనే ఉండే తూటా

ఇంట్లో పిల్లలున్నారు. అందుకని ఆయన రోజూ రాత్రి చాంబర్ ఖాళీ చేసి, పొద్దున అదే తూటా మళ్లీ ఎక్కిస్తాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఎక్కించిన ప్రతిసారీ తూటా ముక్కు ఫీడ్ ర్యాంప్‌కి కొట్టుకుంటుంది. అలా పదే పదే జరిగితే తూటా మొనలో ఉండే బుల్లెట్ దాని కేస్ లోపలికి దిగుతుంది. 9 ఎం.ఎం. రౌండ్‌కి అమెరికన్ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పొడవు 29.69 మిల్లీమీటర్లు, కంపెనీలు దానికంటే తక్కువలోనే చేస్తాయి. కాబట్టి ప్రమాణంతో పోల్చడం కన్నా అదే డబ్బాలోని ముట్టని తూటాతో పోల్చడం మేలు. వర్నియర్ కాలిపర్ పెట్టక్కర్లేకుండానే, పక్కన నిలబెడితే ఆయన తూటా పొట్టిగా కనిపించింది. బుల్లెట్ లోపలికి దిగితే మందుకి ఉండే చోటు తగ్గుతుంది, పేలినప్పుడు ప్రెషర్ పెరుగుతుంది. పొట్టి తూటా మ్యాగజైన్‌లో వెనక్కీ ముందుకీ జరిగి ఫీడింగ్‌కీ తేడా చేస్తుంది. ఆ తూటాని పక్కన పెట్టించాను.

రోజూ లోడ్, అన్‌లోడ్ చేయడమే మానుకోమన్నాను. ట్రిగ్గర్ పూర్తిగా మూసి ఉంచే హోల్‌స్టర్‌తో సహా, తాళం పడే చిన్న సేఫ్‌లో పెట్టేస్తే సరిపోతుంది. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం ఎలాగూ నేరమే. అనుకోకుండా పేలే ప్రమాదాలు కూడా ఈ రోజువారీ ఎక్కించి దించే పనిలోనే ఎక్కువగా పొంచి ఉంటాయని నా అభిప్రాయం.

ఇక్కడో పక్కమాట. ఊరినుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం) .32 పిస్టల్ ఆగిపోతోందని. ఇండియాలో 9 ఎం.ఎం. మామూలు లైసెన్సుదారుడికి దొరకదు, .32 ఏసీపీ దొరుకుతుంది. దానిదో ప్రత్యేకమైన జబ్బు. ఆ తూటా అడుగు అంచు ఒంటికన్నా కొంచెం వెడల్పు. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనకపడితే రెండూ మెలికపడి స్లైడ్ ఎంత నెట్టినా ముందుకు కదలవు. నింపేటప్పుడు పై తూటా అంచు కింది దానికి ముందు ఉండేలా చూసుకుంటే చాలా ఫిర్యాదులు పోతాయి. ఒంటితో సమానమైన అంచున్న 9 ఎం.ఎం.కి ఈ గొడవ లేదు.

ఇప్పుడున్న స్థితి

పిస్టల్ అమ్మలేదు. ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన ఖాళీ కేస్‌ని బయటికి లాగే కొక్కెం) కింద పేరుకున్న మసి, మ్యాగజైన్ల లోపల చేరిన బట్టల నూగు తీశాను. ఒంటికి ఆనించి మోసే పిస్టళ్లలో ఈ నూగు, చెమట మామూలే. మ్యాగజైన్ లోపల నూనె పూయొద్దని చెప్పాను, నూగుని అదే పట్టి ఉంచుతుంది.

రెండో నంబర్‌కి గరాజ్‌లో ఉన్న పొడవు స్ప్రింగ్ వేశాం. మ్యాగజైన్‌లో తూటాలు ఎక్కించే లోడర్ ఒకటి కొన్నారు, దానితో ఆవిడే నింపుకుంటోంది. తర్వాత రెండు డబ్బాల ప్రాక్టీసు తూటాలు ఆగకుండా పోయాయి, కానీ చివరి తూటా లెక్కన చూస్తే అది ఇంకా చాలదు. అందుకే దాన్ని వెంట పెట్టుకోవడానికి వాడొద్దన్నాను. ఆవిడ ఒకటో నంబర్, ఆయన మూడో నంబర్ వాడుతున్నారు. ఈ రెండిటినీ వాళ్లు వెంట ఉంచుకునే 124 గ్రెయిన్ (బుల్లెట్ బరువు) హాలోపాయింట్‌తోనే పరీక్షించాలి. బోలు ముక్కు తూటా ర్యాంప్ ఎక్కే తీరు గుండ్రటి ప్రాక్టీసు తూటాలా ఉండదు. ఒక్కోటి దాదాపు డాలరు కాబట్టి ఆ పని విడతలవారీగా నడుస్తోంది, కార్డులో వరసలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

ఒక్క చిక్కు మిగిలింది. ఆయనకు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చే అవకాశం ఉందట. ఆ రాష్ట్రం 2018లో మ్యాగజైన్ హద్దుని 15 నుంచి 10 రౌండ్లకు తగ్గించింది. వెళ్తే మూడు, నాలుగు నంబర్లు ఇక్కడే వదిలించుకోవాలి. రెండోదానికి మాత్రం పాత బేస్‌ప్లేట్, పాత స్ప్రింగ్ మళ్లీ వేసి 10కి తెచ్చుకోవచ్చు. ఆ రెండూ పారేయకుండా ఒక కవర్‌లో పెట్టి, మీద 2 అని రాసి ఇచ్చాను.